మంచు కరిగింది, ఇక బండి కట్టండి!

మొత్తానికి ఎముకలు కొరికే చలి వదిలింది. ఏప్రిల్ ఆఖరు వారానికి మా మిన్నెసోటా ఉత్తరాది సరస్సుల మీద గడ్డకట్టిన మంచు పలకలు విరిగి నీళ్లు బయటపడతాయి. ఏ సరస్సు ఏ తేదీన కరిగిందో ఏటేటా పుస్తకంలో రాసి పెట్టుకునే పెద్దమనుషులు ఇక్కడ ఊరికొకరుంటారు. మనవాళ్లకు ఆ లెక్కలతో పనిలేదు. వీధిలో గ్యారేజీ తలుపులు పైకి లేచి మడత కుర్చీలు ఎండలోకి వచ్చాయంటే ఋతువు మారినట్టే. మొన్న ఫిబ్రవరిలో "ఈ చలి మనవల్ల కాదు, ఇండియా వెళ్లిపోదాం" అని ఒట్లు పెట్టుకున్నవాళ్లే ఇప్పుడు డైనింగు టేబుల్ మీద మ్యాపు పరిచి కూర్చున్నారు.

అన్నట్టు, కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక ముక్క. హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలు వదిలొచ్చి మళ్లీ జంటనగరాల్లోనే పడ్డాం మేం. ఇక్కడ మినియాపొలిస్, సెయింట్ పాల్. వేసవి వచ్చిందా, శుక్రవారం మధ్యాహ్నం మూడింటికల్లా జంటనగరాల్లో సగంమంది ఉత్తరానికి దారి తీస్తారు. పదివేల సరస్సుల రాష్ట్రమని నంబరు ప్లేటు మీద రాసుకున్నారు గానీ, పదెకరాలు, అంతకు మించినవి లెక్క తీస్తే 11,842 తేలాయి. ఉన్నదాన్ని తగ్గించి చెప్పుకునే రాష్ట్రం లోకంలో ఇదొక్కటేనేమో!

ఇక మే నెల రెండో వారం వైపు చూడండి. వాలై చేపల వేట మొదలయ్యే శనివారం ఇక్కడ దాదాపు పండగే. ఆ రోజు గవర్నరు కూడా గాలం పట్టుకుని పడవెక్కడం ఆనవాయితీ. చిక్కేమిటంటే, అమెరికా వాళ్ల అమ్మల పండగ మే రెండో ఆదివారం. రెండూ ఒకే వారాంతంలో పడే ఏళ్లు తరచూ వస్తాయి. అలాంటి ఏడాది మగవాళ్లు ఇంట్లో అనుమతి పత్రం తెచ్చుకోవడానికి పడే పాట్లు, పూల దుకాణాల ముందు శుక్రవారం సాయంత్రం నిలబడే క్యూలు చూడాల్సిందే. కొందరు తెలివైనవాళ్లు అమ్మనే పడవెక్కించేస్తారు.

పడవల సంగతి అలా ఉంచండి. ఈసారి మన పరిచయస్థుల్లో గాలి ఆర్వీల వైపు మళ్లింది. వేసవికి ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, వాళ్లను గుడారంలో నేలమీద పడుకోబెట్టలేం, హోటలు గదుల్లో పెడితే ఉప్మా వండుకోలేం, అందుకని ఇల్లే చక్రాలమీద తీసుకుపోదాం అన్నది ఆలోచన. ఫోనులో ఈ మాట వినగానే ఒక పెద్దాయన "సినిమా హీరోలు షూటింగులో కూర్చునే క్యారవానేగా!" అని ఎగిరి గంతేశారట. కాకపోతే హీరోగారి క్యారవాను తోలడానికి వేరే డ్రైవరుంటాడు, శుభ్రం చేయడానికి వేరే మనిషి ఉంటాడు. ఇక్కడ రెండు వేషాలూ అల్లుడుగారివే.

రకాలు తెలుసుకోవాలంటే పెద్ద కష్టమేం లేదు. బస్సంత ఉండేది క్లాస్ ఏ. వ్యానుని ఇల్లుగా మార్చింది క్లాస్ బీ. డ్రైవరు నెత్తిన అటకలా పడక ఉండేది క్లాస్ సీ. అక్షరాల వరస చూసి సీ అన్నిటికన్నా చిన్నదనుకునేరు, చిన్నది బీ. ఇవి కాక ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ట్రెయిలర్లు వేరే. అద్దెకు తీసుకునే కుటుంబాలు ఎక్కువగా క్లాస్ సీ దగ్గరే ఆగుతాయి. ప్రకటనలో "ఆరుగురు పడుకోవచ్చు" అని రాస్తారు. నిజమే, భోజనాల బల్లను కిందికి దించి పరుపేస్తే ఆరుగురూ పడుకోవచ్చు. ఆరుగురూ ఒకేసారి లేచి నిలబడటమే కుదరదు.

స్థలం సంగతికొద్దాం. అసలు యుద్ధమంతా ఇక్కడే. మిన్నెసోటా స్టేట్ పార్కుల్లో చోటు కావాలంటే 120 రోజుల ముందు నుంచీ రిజర్వేషన్ దొరుకుతుంది. జూలై నాలుగుకి సరస్సు ఒడ్డున ఉండాలంటే మార్చి ఆరున, బయట మోకాలి లోతు మంచు ఉండగా, కంప్యూటరు ముందు సిద్ధంగా కూర్చోవాలన్నమాట. తిరుపతి దర్శనం టిక్కెట్లకు వేళ్లు అలవాటైన మనవాళ్లు ఇందులో స్థానికులకు ఏమాత్రం తీసిపోరు. ఒకే ఇంట్లో ముగ్గురు మూడు ఫోన్లు పట్టుకుని, ముగ్గురికీ చోటు దొరికి, ఆ తర్వాత రెండింటిని రద్దు చేసుకోవడం కూడా మామూలే. ఇప్పుడు నిద్ర లేచినవాళ్లు బెంగపడకండి. అలా రద్దయిన చోట్లు రోజూ తిరిగి వస్తూనే ఉంటాయి. శని, ఆదివారాల మీద పట్టు విడిచి సోమ, మంగళవారాలు అడిగి చూడండి, ఒడ్డునే దొరకొచ్చు. ఆగస్టు ఆఖరు అయితే ఇప్పటికీ చేతికందే దూరమే. దోమలూ అప్పటికి నెమ్మదిస్తాయి. నన్నడిగితే అదే మంచి కాలం.

ఎక్కడికి వెళ్లాలి అని అడిగితే నా ఓటు ఇటాస్కాకే. 1891లో పెట్టిన పార్కు, రాష్ట్రంలోకెల్లా పాతది. 32 వేల ఎకరాల అడవి, లోపలే నూటికి పైగా సరస్సులు. రెండు వందల ఏళ్లు దాటిన ఎర్ర దేవదారులు ఇంకా నిటారుగా నిలబడే ఉన్నాయి. జంటనగరాల నుంచి నాలుగు గంటల దారి. పదో నంబరు హైవే పట్టుకుని వాడీనా దాకా వెళ్లి, అక్కడ 71 ఎక్కి పార్క్ రాపిడ్స్ మీదుగా పైకి పోవడమే. దారి సులువు. "ఇంకెంతసేపు" అని వెనక నుంచి వచ్చే ప్రశ్నలకు జవాబు చెప్పడమే కష్టం.

ఇటాస్కాలో చూడాల్సింది మిసిసిపీ పుట్టిల్లు. సరస్సు చివర వరసగా పేర్చిన బండరాళ్లు, వాటి సందుల్లోంచి జారే మోకాటిలోతు నీళ్లు, అంతే. ఆ రాళ్లమీద అడుగులు వేసుకుంటూ అవతలికి పోతే మిసిసిపీ దాటేసినట్టే. పక్కన నిలబెట్టిన కొయ్య మొద్దు మీద సముద్రం దాకా 2,552 మైళ్లని చెక్కి ఉంటుంది. ఇక్కడ బయల్దేరిన నీటిబొట్టు మెక్సికో సింధుశాఖ చేరడానికి 90 రోజులు పడుతుందట. ఇంకో వింత, దక్షిణానికి పోవాల్సిన ఈ నది మొదట ఉత్తరానికి బెమిడ్జి దాకా పోయి, అక్కడ తూర్పుకి తిరిగి, తర్వాత దారి సరిచేసుకుంటుంది. జీపీఎస్ మాట వినకుండా బయలుదేరే మామయ్యలు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు కాబట్టి నదిని తప్పుపట్టలేం.

అక్కడ మన అత్తగార్లను గమనించాలి మీరు. గోదావరి పుట్టిన త్ర్యంబకం, కృష్ణ పుట్టిన మహాబలేశ్వరం చూసొచ్చిన మనుషులు. నది పుట్టిన చోటని తెలియగానే చెప్పులు ఒడ్డున విడిచేస్తారు. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, మనవడి చెయ్యి ఒక పక్క, కొడుకు చెయ్యి ఒక పక్క పట్టుకుని చల్లటి నీళ్లలోకి దిగి, కళ్లు మూసుకుని గంగేచ యమునేచైవ మొదలుపెట్టి, మిసిసిపీని ఎక్కడ ఇరికించాలో ఒక్క క్షణం ఆలోచించి, ఇరికించేసి, మూడుసార్లు నెత్తిన చల్లుకుంటారు. పక్కన ఈత దుస్తుల్లో ఉన్న తెల్లపిల్లలు నోరెళ్లబెట్టి చూసి, వాళ్లూ నెత్తిన చల్లుకుంటారు. పసుపు, కుంకుమ, పూలు మాత్రం సంచీలోంచి తీయనివ్వకండి. నీళ్లలో ఏదీ వదలకూడదు. నమస్కారానికి అభ్యంతరం లేదు.

ఇక్కడే నా గోల ఒకటి చెప్పుకోవాలి. మనవాళ్ల పట్టిక ఎలా ఉంటుందంటారూ? శనివారం పొద్దున ఇటాస్కా, మధ్యాహ్నం బెమిడ్జి, రాత్రికి డులూత్, ఆదివారం లేవగానే స్ప్లిట్ రాక్ దీపస్తంభం, దారిలో గూస్‌బెర్రీ జలపాతం, రాత్రికి ఇల్లు. కారైతే ఎలాగో అవుతుంది. ఆర్వీని కదిలించడమంటే కరెంటు తీగ ఊడదీసి చుట్టాలి, బయటికి చాచిన గోడను లోపలికి లాగాలి, పందిరి మడవాలి, చక్రాల కింద చెక్కలు తీయాలి, పొయ్యిమీద గిన్నెతో సహా ప్రతిదాన్నీ అరలో పెట్టి గడియ వేయాలి. గడియ మర్చిపోతే మొదటి మలుపులో పప్పు డబ్బా తలుపు తీసుకుని మరీ బయటికొస్తుంది. ప్రతి చోటా ఇదంతా విప్పి మళ్లీ కట్టుకుంటూ పోతే సరస్సు చూసేదెప్పుడు? ఒక్కచోట బండి ఆపండి. మూడు రోజులు ఆపండి. ఏమీ చేయకండి. "అంత దూరం వెళ్లి ఏం చూశారు" అని చుట్టాలడుగుతారనేగా భయం? నీళ్లు చూశాం అని చెప్పండి.

మరీ కాళ్లు నిలవకపోతే అందుబాటులో రెండున్నాయి. బెమిడ్జిలో సరస్సు ఒడ్డున 1937లో నిలబెట్టిన పాల్ బన్యన్ బొమ్మ, కట్టెలు కొట్టే 18 అడుగుల వీరుడు, పక్కన నీలం రంగు ఎద్దు. పిల్లలు ఆ ఎద్దు కాళ్ల మధ్య ఫోటో దిగకుండా కదలరు. రెండోది పార్క్ రాపిడ్స్ దగ్గర డోర్సెట్. పట్టుమని పాతికమంది లేని ఊళ్లో వరసగా హోటళ్లే. ఆ ఊళ్లో మేయరు పదవికి చీటీ తీసేవారు. 2012లో మూడేళ్ల బుడతడి పేరొచ్చింది. పాలన బ్రహ్మాండంగా సాగిందనే చెప్పుకుంటారు. ఐస్‌క్రీమ్ విషయంలో ఆయనకు స్పష్టమైన విధానం ఉండేదని వేరే చెప్పాలా.

సరే, బండి చేతికొచ్చే రోజు. మామూలు లైసెన్సు చాలు, కొత్త పరీక్షలేం లేవు. అద్దె చీటీలో రోజువారీ రేటు ఒక్కటే చూసి మురిసిపోకండి. మైళ్లకు వేరు, జనరేటరు తిరిగిన గంటలకు వేరు, దుప్పట్లు గిన్నెలకు వేరు. గ్యాలనుకు 8 నుంచి 10 మైళ్లిస్తే మహాభాగ్యం. రానూపోనూ 450 మైళ్లంటే 50 గ్యాలన్ల పెట్రోలు వదిలించుకోవాలి. ఇక మనవాళ్లు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించందే గేటు దాటరు. అద్దె బండికి పూజేమిటని కుర్రాళ్లు విసుక్కుంటారు గానీ, బండి ఎవరిదైతేనేం, ఎక్కేది మనమేగా. బండి అప్పజెప్పే అబ్బాయి ఆ నిమ్మకాయలను కూడా తన తనిఖీ చీటీలో నమోదు చేసుకున్నాడని ఒకరింటి కబురు.

తోలేటప్పుడు రెండు కొలతలు అద్దం పక్కన కాగితం మీద రాసి అంటించుకోండి. ఒకటి ఎత్తు. 11, 12 అడుగులుంటుంది. కాఫీ కోసం అలవాటుగా డ్రైవ్‌త్రూలోకి తిప్పారంటే బండి నెత్తిన ఉన్న ఏసీ అక్కడే ఉండిపోతుంది. రెండోది పొడుగు. వెనక చక్రాల అవతల తోక చాలా ఉంటుంది కాబట్టి ఎడమకు తిప్పితే తోక కుడికి ఊగుతుంది. పెట్రోలు బంకు స్తంభాలకు ఆ సంగతి బాగా తెలుసు. చీకటి పడకముందే చేరుకోవడం మరీ ముఖ్యం. సాయంసంధ్యల్లో జింకలు రోడ్డెక్కుతాయి, ఆపైన చీకట్లో వెనక్కి పెట్టడం ఆలుమగల మధ్య పరీక్ష. "ఇంకా, ఇంకా, రా, రా... ఆగు!" అన్న మాటల్లో "ఆగు" ఎప్పుడూ కొంచెం ఆలస్యంగానే వస్తుంది. చేతిలో టార్చి ఉన్న మనిషి డ్రైవరుకి అద్దంలో కనపడుతూ ఉంటే సగం కాపురాలు నిలబడతాయి.

ఇక కరెంటు కథ. క్యాంపు చోటులో స్తంభానికి సాధారణంగా 30 ఆంపుల ప్లగ్గుంటుంది. 120 వోల్టులతో హెచ్చిస్తే మొత్తం 3,600 వాట్లు. అందులో ఏసీ ఒక్కటే 1,500 దాకా తినేస్తుంది. ఇన్‌స్టంట్ పాట్‌లో పప్పు పెడితే ఇంకో వెయ్యి. సరిగ్గా అప్పుడే పాలు కాచడానికి ఎవరో మైక్రోవేవ్ నొక్కుతారు. టక్! పప్పూ పాలూ ఏసీ అన్నీ సమ్మె. కాబట్టి వంటింటి మంత్రిగారు, చలువ మంత్రిగారు ముందే మాట్లాడుకోవాలి. రాత్రుళ్లు ఏసీ అవసరమే పడదనుకోండి. జూన్‌లో కూడా 10 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగడం అక్కడ మామూలు. ఇండియా నుంచి వచ్చిన నాన్నగార్లకు మంకీ టోపీ, స్వెట్టరు మర్చిపోకండి. "సమ్మర్ అన్నారుగా" అని మీవైపు చూసే చూపు తట్టుకోలేరు.

వంట మాటొచ్చింది గనుక చెప్తున్నా, లోపల పోపు పెట్టకండి. ఆవాలు చిటపటమన్న మరుక్షణం పొగ అలారం కూత అందుకుంటుంది. ఎండుమిరపకాయ వేశారా, పక్క బండిలో అలారం కూడా శ్రుతి కలుపుతుంది. చిన్న గ్యాసుపొయ్యి బయట చెక్కబల్ల మీద పెట్టుకుంటే గొడవే లేదు. ఇడ్లీ పిండి అక్కడ పులియబెడదామన్న ఆలోచన కూడా మానుకోండి. ఆ చలికి పొద్దుటికి పెట్టినంత పెట్టినట్టే ఉంటుంది. ఇంట్లో పులిసిందాన్ని తీసుకెళ్లండి. మొదటి పూటకు పులిహోర, తర్వాతి పూటలకు కందిపొడి, గోంగూర, ఆవకాయ. ఫ్రిజ్ చిన్నది, అందులోనూ గ్యాసుతో నడిచే రకమైతే బండి సమంగా నిలబడితేనే సరిగ్గా చల్లబరుస్తుంది. చక్రాల కింద చెక్కలు పెట్టి మట్టం చూసేది మన నిద్రకోసమే కాదు, పెరుగుకోసం కూడా.

అసలు పరీక్ష నీళ్లది. స్టేట్ పార్కుల్లో చాలాచోట్ల కరెంటు ఉంటుంది గానీ, బండి దగ్గరికి మురుగు గొట్టం ఉండదు. మంచినీళ్ల ట్యాంకు ఒకటి, గిన్నెలు కడిగిన నీళ్లూ స్నానం నీళ్లూ చేరే గ్రే ట్యాంకు ఒకటి, మరుగుదొడ్డిది బ్లాక్ ట్యాంకు ఒకటి. ముప్పై, నలభై గ్యాలన్లంటే మనకు ఎక్కువే అనిపిస్తుంది, అంట్లు తోమడం మొదలుపెట్టేదాకా. వేడినీళ్ల గీజరు చాలా బండ్లలో ఆరు గ్యాలన్లే. అభ్యంగన స్నానం అలవాటున్న పెద్దవాళ్లు, అరగంట షవరు కింద పాడుకునే కుర్రవాళ్లు ఉన్న ఇల్లయితే పార్కులోని స్నానాల గదులకే అందర్నీ తోలేయడం ఉత్తమం. లోపల స్నానానికి పద్ధతి ఒకటే, తడుపుకో, కట్టెయ్, రుద్దుకో, విప్పు, అయిపోయింది. చెంబూ బకెట్టూ ఎందుకు తెచ్చావని మొదటిరోజు నవ్విన కోడలే రెండోరోజు అవి అడిగి తీసుకుంటుంది.

దోమల గురించి చెప్పకపోతే అవి నొచ్చుకుంటాయి. జూన్‌లో అక్కడ రాజ్యం వాటిదే. ఒళ్లంతా కప్పే చొక్కాలు, డీట్ ఉన్న మందు, బండి తలుపు తీస్తూనే వేసే అలవాటు, ఈ మూడూ ఉంటే బయటపడతారు. దోమకన్నా జాగ్రత్తపడాల్సింది పిడుదుతో. నువ్వుగింజంత ఉంటుంది, లైమ్ జబ్బు మోసుకొస్తుంది. గడ్డిలో తిరిగి వచ్చాక మోకాళ్ల వెనక, చెవుల వెనక, నడుం దగ్గర చూసుకోండి. కనిపిస్తే పట్టకారుతో చర్మం దగ్గరే పట్టి నిదానంగా పైకి లాగేయాలి. ఎంత త్వరగా తీస్తే అంత మేలు. నల్ల ఎలుగుబంట్లూ ఉన్నాయి గానీ వాటి చూపు మనమీద కాదు, బయట మర్చిపోయిన అరిసెల డబ్బా మీద. రాత్రిపూట తిండి వస్తువు ఒక్కటి కూడా బల్లమీద ఉంచకండి.

అన్నట్టు, మొదటి రాత్రి నీళ్లవైపు నుంచి ఎవరో ఏడుస్తున్నట్టు, ఆ వెంటనే వెర్రినవ్వు నవ్వినట్టు వినిపిస్తే ఆంజనేయ దండకం అందుకోకండి. అది లూన్, ఈ రాష్ట్ర పక్షి. ఎర్రటి కళ్లు, నలుపు తెలుపు గళ్ల రెక్కలు. పిల్లల్ని వీపున ఎక్కించుకుని ఈదుతుంది. పగలు చూస్తే ముచ్చటేస్తుంది, రాత్రి వింటే దుప్పటి నెత్తిమీదికొస్తుంది.

ఇక చేపలు పట్టే సరదా. 16 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్సు కొనుక్కోవాలి. పడవలో పదేళ్లలోపు పిల్లలకు లైఫ్ జాకెట్ తొడగాల్సిందే, అది చట్టం. పడవ నీళ్లలోంచి తీశాక అంటుకున్న నాచు దులిపి, అడుగున బిరడా తీసి నీళ్లు వంపేసి, బిరడా తీసే ఉంచి తోలుకుపోవాలి. జీబ్రా మసెల్స్ అనే గుల్లజీవులు ఒక సరస్సు నుంచి ఇంకోదానికి అలాగే పాకుతున్నాయి మరి. వాలైకి ముళ్లు తక్కువ, కండ తెల్లన, పులుసులో విరిగిపోకుండా నిలుస్తుంది. చింతపండు, మెంతిపొడి ఇంటి నుంచే తీసుకుపోయి, చేప మాత్రం అక్కడే పడుతుందన్న ధీమా ఉన్నవాళ్లు మనలో చాలామంది. పార్క్ రాపిడ్స్ కిరాణా కొట్లో కూడా చేప దొరుకుతుందని వాళ్ల చెవిన మెల్లగా వేసి ఉంచండి.

కట్టెలు మాత్రం ఇంటి నుంచి తీసుకెళ్లకండి. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చపురుగు 2009లో సెయింట్ పాల్‌లో కనపడ్డప్పటి నుంచీ యాష్ చెట్లను తినేస్తోంది, మోపుల్లో దాక్కుని ఊళ్లు దాటుతోంది. పార్కు దగ్గర అమ్మే కట్టెలే కొనుక్కోవాలి. ఆ మంటమీద స్థానికులు మార్ష్‌మాలోలు కాల్చి చాక్లెట్టుతో బిస్కెట్ల మధ్య పెట్టుకుంటారు. మన బండి దగ్గర మొక్కజొన్న పొత్తులు, నిమ్మచెక్క, ఉప్పూకారం. ఆగస్టులో ఇక్కడి పొత్తులు బాగుంటాయి గానీ మరీ తీపి. "పంచదార పాకంలో ముంచారా ఏమిటే" అన్నది ఒక పిన్నిగారి తీర్పు. అయినా రెండోది అడిగి తీసుకున్నారు.

ఆగస్టు చివర వెళ్లేవాళ్లకు ఇంకో వేడుక. లోతులేని సరస్సుల్లో వైల్డ్ రైస్ పంటకొచ్చే కాలమది. పేరుకి రైసే గానీ నీళ్లలో పెరిగే గడ్డిగింజ. ఇక్కడి మూలవాసులైన ఓజిబ్వే జనానికి పవిత్రమైన తిండి. ఒకరు వెనక గెడవేసి పడవ తోస్తుంటే ఇంకొకరు రెండు కర్రలతో కంకులు పడవలోకి వంచి మెల్లగా దులుపుతారు. ఆ కర్రలు 30 అంగుళాలకు మించకూడదని, ఒక్కోటి పౌను బరువు దాటకూడదని కూడా నిబంధన ఉంది. గింజ నల్లగా, పొడుగ్గా, కాస్త పొగవాసనతో ఉంటుంది. ఉడకడానికి మన సోనామసూరి కన్నా చాలా ఓపిక కావాలి. పులిహోర కలిపి చూసినవాళ్లున్నారు. పోపు బాగా కుదిరిందని మాత్రమే తిన్నవాళ్లు అన్నారు.

పిల్లల ఊసెత్తితే ఫోను సిగ్నలు గురించి చెప్పాలి. చాలాచోట్ల రాదు. మ్యాపులు ఇంటిదగ్గరే దింపి పెట్టుకోండి. సిగ్నలు లేని మొదటి రోజు పెద్ద పిల్లల ముఖాలు చూడలేం. రెండోరోజు తాతగారి దగ్గర పేకముక్కలు కలపడం నేర్చుకుంటారు, మూడోరోజు తాతగారినే ఓడిస్తారు. జూన్‌లో పొద్దు తొమ్మిది దాటితే గానీ గూకదు కాబట్టి పసివాళ్లను నిద్రకు ఒప్పించడం ఒక పెద్ద పంచాయితీ. రాత్రి పది దాటితే క్యాంపులో చప్పుడు కూడదు. అంత్యాక్షరి మంచి ఊపులో ఉండగానే ఆపేయాలి. చప్పుడు లేకుండా చేసుకునే పని ఒకటుంది, తలెత్తి చూడటం. ఆగస్టు 12, 13 తేదీల్లో వెళ్తే పెర్సీడ్ ఉల్కలు రాలతాయి. అదృష్టం కలిసొస్తే ఉత్తరాన పచ్చటి కాంతి తెరలూ దర్శనమిస్తాయి. వాటికి మాత్రం ఏ 120 రోజుల ముందూ బుకింగు లేదు.

తిరుగు ప్రయాణం రోజు అందరూ చేరే చోటు డంప్ స్టేషన్. ఆదివారం పదకొండు గంటలకు బండ్ల బారు తీరి ఉంటుంది, తొందరపడి లాభం లేదు. ముందు బ్లాక్ ట్యాంకు వదలాలి, ఆ తర్వాతే గ్రే ట్యాంకు, సబ్బునీళ్లు వచ్చి గొట్టాన్ని కడిగిపెడతాయి. ఈ వరస తప్పించినవాణ్ణి వెనక బండిలోవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. మూడు రోజులూ చెట్ల చాటున ఎవరికెవరు కనపడకుండా ఉన్న తెలుగువాళ్లంతా ఈ క్యూలోనే బయటపడతారు. ముందు బండిలోంచి "ఒరేయ్, మూత సరిగ్గా బిగించావా" అన్న కేక వినపడుతుంది, వెనక బండి అద్దం దిగుతుంది, "మీది ఏ ఊరండీ" మొదలవుతుంది. భీమవరమో, ఖమ్మమో, ఏదో ఒక చుట్టరికం తేలకుండా క్యూ ముందుకు కదలదు. అందరి చేతులకూ రబ్బరు గ్లవుజులుంటాయి కాబట్టి షేక్‌హ్యాండ్ల జోలికి పోకండి, దూరం నుంచి నమస్కారమే క్షేమం.